అంకెలను చదువవలసిన వారెవరు?

ప్రతి సంవత్సరము సెప్టెంబరు మాసము సగము గడచుసరికి మా పాఠశాల కార్యాలయమున ఒక విధమగు సందడి మొదలగును. ఆ నెల 30వ తేదీ నాటికి బడిలో బాలురెందఱు, బాలికలెందఱు, ఉపాధ్యాయులెందఱు, గదులెన్ని, కుళాయిలెన్ని, మరుగుదొడ్లెన్ని, గ్రంథాలయమున పుస్తకములెన్ని అను వివరములన్నియు లెక్కగట్టి పైవారికి పంపవలెను. పూర్వము కాగితపు ఫారములు నింపెడివారు. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుండి ఎక్కించుచున్నారు. గుమాస్తా సెలవులో నున్ననాడు ఆ పని గణితోపాధ్యాయునిపై బడును. ఆనాడు తొమ్మిదవ తరగతివారికి గణితము లేదు. ఆ సంగతి మాత్రము ఏ ఫారములోను నింపవలసిన గడి లేదు.

మేమడుగదలచిన ప్రశ్న చిన్నది. ఏటేట ఇన్ని అంకెలు మాయొద్దనుండి పైకి పోవుచున్నవి గదా! వానిలో మరల మాయొద్దకు దిగివచ్చి, మా తరగతిలో రేపటి పాఠమును మార్చిన అంకె ఒక్కటియైనను కలదా?

ఈ లెక్క దేశమున నెట్లు పెరిగినదో కొంచెము తెలిసికొనుట మంచిది. జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమముతో బాటు 1994-95 ప్రాంతమున ‘డైస్’ అను జిల్లా విద్యా సమాచార పద్ధతి పుట్టినది. 2012-13లో ప్రాథమిక, ఉన్నత పాఠశాలల లెక్కలు ఏకమై ‘యు-డైస్’ అయినవి. 2018-19 నుండి అదియే ‘యుడైస్ ప్లస్’. 2022-23 నుండి తరగతి మొత్తము మాత్రమే గాక ఒక్కొక్క విద్యార్థి వివరము వేఱువేఱుగ ఎక్కుచున్నది. ప్రతి పాఠశాలకును 11 అంకెల సంఖ్య యొకటి కలదు. మొదటి రెండంకెలు రాష్ట్రమునకు, తరువాతి రెండు జిల్లాకు, ఆపై రెండు బ్లాకునకు, మూడు గ్రామమునకు, చివరి రెండు పాఠశాలకు. మా బడి ఆ సంఖ్య చివరనున్న రెండంకెలలో ఇమిడియున్నది. 2023-24 లెక్క ప్రకారము దేశమున పాఠశాలలు 14.72 లక్షలు, విద్యార్థులు 24.8 కోట్లు, ఉపాధ్యాయులు 98 లక్షలు. ఇంతటి జనసముద్రమును ఒక పట్టికలోనికి తెచ్చినవారిని మేము నిందింపము. ఏ ఊర ఎన్ని గదులు కట్టవలెనో, ఎచ్చట ఉపాధ్యాయులు చాలరో ఢిల్లీలో కూర్చున్నవారికి వేఱొక విధమున తెలియదు.

అయితే గదుల లెక్క వేఱు, చదువు లెక్క వేఱు. చదువును కొలుచుటకై 2021 నవంబరు 12న జాతీయ స్థాయి పరీక్ష యొకటి జరిగినది. 720 జిల్లాలలో 34 లక్షల పిల్లలు వ్రాసిరి. మరల 2024 డిసెంబరు 4న ‘పరఖ్’ పేర 781 జిల్లాలలో 74,229 పాఠశాలలను ఎన్నుకొని 3, 6, 9 తరగతుల పిల్లలకు పరీక్ష పెట్టిరి. ఈ రెంటి యందును ఫలితమును పలుకునది జిల్లా. ఫలాని జిల్లా భాషలో ముందున్నది, ఫలాని జిల్లా గణితమున వెనుకబడినది అని పత్రికలలో వచ్చును. మా హోసూరు ప్రాంతపు పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో ఆ రెంటికి తోడు కన్నడము మాటలాడుచు, తెలుగు మాధ్యమమున గణితము చదువుచున్నాడు. అతని కష్టమెట్టిదో కృష్ణగిరి జిల్లా సగటు అను ఒక్క అంకె చెప్పగలదా? జిల్లాలోని పాఠశాలలలో మావి కొద్దిభాగము. మా పిల్లలు మిక్కిలి బాగుగ వ్రాసినను ఆ సగటు కదలదు. మిక్కిలి చెడుగ వ్రాసినను కదలదు. పైగా పరీక్షకు ఎన్నుకొన్న పాఠశాలలు దేశమందలి పాఠశాలలలో దాదాపు ఇరువదింట ఒకటి మాత్రమే. ఆ ఒకటి మాది కానినాడు, ఏ పాపము ఎఱుగక మేమా సగటులో కూర్చుండియుందుము.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాఠశాలల పరిపాలన ‘స్కూలు డిస్ట్రిక్టు’లను ఖండములుగ నున్నది. అట్టివి 13,000 వఱకు కలవు. అవి మన జిల్లాల వంటివి కావు. కొన్ని ఒక్క పట్టణమునకు పరిమితమైనవి. పెక్కింటికి తమ బోర్డు, తమ సూపరింటెండెంటు కలరు. అచ్చట 2002 జనవరి 8న, ఏ బిడ్డయు వెనుకబడరాదను పేరుతో ఒక చట్టము వచ్చినది. 3వ తరగతి నుండి 8వ తరగతి వఱకు ప్రతి సంవత్సరము పఠనమునందును గణితమునందును పరీక్ష పెట్టవలెననియు, ఫలితములను గంపగుత్తగ చూపక, పేదల పిల్లలు, అంగవైకల్యము గలవారు, ఆయా జాతులవారు, ఇంగ్లీషు ఇంకను నేర్చుకొనుచున్నవారు అని విడివిడిగ చూపవలెననియు అది విధించినది. ఇంట స్పానిషు మాటలాడు బిడ్డ ఇకమీదట సగటు చాటున దాగుటకు వీలులేకపోయెను. ఆ చట్టమునందలి మంచి ఏమైన నున్నచో అది యిదియే యని మా అభిప్రాయము.

కాని గుంపు మఱీ చిన్నదైనచో దాని శాతమును లెక్కలోనికి తీసికొనరాదని ఆ దేశపు రాష్ట్రములు కనిష్ఠ సంఖ్య యొకటి పెట్టుకొనినవి. కారణము సబబైనదే. పదిమంది వ్రాసిన పరీక్షలో ఒక్క బాలికకు జ్వరము వచ్చినచో ఉత్తీర్ణత నూటికి 90కి దిగును. ఇద్దఱు తప్పినచో 80. అది బడి పడిపోవుటయు కాదు, మరుసటి యేడు 100 వచ్చినచో లేచి నిలుచుటయు కాదు. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు శాతము నమ్మదగిన చుట్టము కాదు. పదిమందియే యున్నప్పుడు శాతముతో పనియేమి? పదిమంది జవాబు పత్రములను పదిమారులు చదువవచ్చును.

చదువుటకు ఒక్కరు చాలరు. బోస్టను నగరపు ప్రభుత్వ పాఠశాలలవారును హార్వర్డు విశ్వవిద్యాలయపు విద్యాశాస్త్రజ్ఞులును కలిసి చేసిన కృషి ఫలముగ 2005లో ‘డేటా వైజ్’ అను గ్రంథము వెలువడినది. కేథరిన్ బౌడెట్, ఎలిజబెత్ సిటీ, రిచర్డ్ మర్నేన్ అనువారు దాని సంపాదకులు. అందు ఎనిమిది మెట్లు చెప్పబడినవి. ఎనిమిదింటిని ఇచ్చట ఏకరువు పెట్టుట మా ఉద్దేశము కాదు. రెండు మాత్రము మాకు నచ్చినవి. మొదటి మెట్టు అంకెలను ముందు వేసికొనుట కాదు, కలిసి పనిచేయుటకు మనుష్యులను కూర్చుకొనుట. అయిదవ మెట్టు, పిల్లలకేది రాలేదో తెలిసిన వెంటనే పథకములు వ్రాయక, ఆ పాఠమును మనమెట్లు చెప్పితిమో తరగతికి పోయి చూచుట. ఉపాధ్యాయులు ఇట్లు కూడి లెక్క చూచు బృందములను వారు ‘డేటా టీము’లందురు. లెక్క చూచు కూటమని మనమనుకొన్న చాలును.

అట్టి కూటము చేయు పని యెట్టిదో ఒక ఉదాహరణము చెప్పెదము. ఇది కల్పితమే గాని గణితము చెప్పినవారికి క్రొత్తగ దోచదు. ‘ఒక వర్తకుడు 240 రూపాయలకు కొన్న వస్తువును 15 శాతము లాభమునకు అమ్మెను. విక్రయమూల్యమెంత?’ అని ప్రశ్న యనుకొందము. జవాబు 276. తరగతిలో సగముమంది తప్పిరి. మార్కుల రిజిస్టరులో వారందఱికిని సున్న. ప్రగతి పత్రమున ‘గణితమున బలహీనులు’ అని వ్రాయుదురు. ఆపై ప్రత్యేక తరగతులు, మరల శాతముల పాఠము మొదటినుండి.

ఆ పత్రములనే ముగ్గురు ఉపాధ్యాయులు బల్లపై పఱచి చూచినచో వేఱొక సంగతి కానవచ్చును. తప్పినవారిలో కొందఱు ఏమియు వ్రాయలేదు. కొందఱు 36 అని వ్రాసి ఆగిరి. 240లో 15 శాతము 36. అది సరియైన లెక్క. వారికి శాతము వచ్చును. రానిది ‘విక్రయమూల్యము’ అను మాట! తెలుగు పండితుడు దానిని ఒక్క నిమిషమున కనిపెట్టును. గణితోపాధ్యాయుడు, తానెంత సమర్థుడైనను, ఒక్కడే కూర్చున్నచో పదియేండ్లకైనను కనిపెట్టకపోవచ్చును. ఆ బాలుడు ఆదివారమునాడు రాయకోట సంతలో తండ్రి ప్రక్కన టమాటా గంపలమ్ముచు, ఏ ధరకు కొన్నది ఏ ధరకు ఇచ్చిన గంపకెంత మిగులునో నోటితో చెప్పుచున్నాడు. పావు, అర, ముప్పావు అన్నచో కన్నుమూసి చెప్పును. లవము, హారము అన్నచో నేల చూచును. ఏమియు వ్రాయనివానికి శాతములు మరల చెప్పవలెను. 36 వ్రాసినవానికి మాట చెప్పిన చాలును. ఇద్దఱికిని ఒకే ప్రత్యేక తరగతి పెట్టినచో ఒకడు విసుగుచెందును, రెండవవాడు వెనుకనే యుండును. మార్కుల మొత్తము ఈ భేదమును ఎన్నడును చూపదు.

ఇందు తమిళము చెప్పు ఉపాధ్యాయుడుకూడ కూర్చుండవలెనని మేము పట్టుబట్టుదుము. 2006 నాటి చట్టము ననుసరించి 2006-07లో ఒకటవ తరగతితో మొదలైన తమిళ బోధన ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. మా పిల్లలు తమిళము నేర్చుకొనవలసినదే. ఉన్న ఊరి భాష రానివాడు సగము మూగవాడు. అయితే ఒకే బిడ్డను తెలుగు పండితుడు ఒక గదిలోను, తమిళ పండితుడు వేఱొక గదిలోను చూచుచున్నారు. వీడికి చదువుటయే రాదా, లేక ఒక లిపిలో వచ్చి మఱియొక లిపిలో రాదా అను ప్రశ్నకు జవాబు ఇద్దఱి మధ్యను రెండు సగములై పడియున్నది. ఆ సగములు అతుకుటకు ఉపాధ్యాయుల గదిలో తేనీరు త్రాగు పదినిమిషములు చాలవు.

లెక్కలు చూడవలెనన్నంతనే ఉపాధ్యాయులు జంకుదురు. వారి జంకు నిష్కారణమైనది కాదు. పైన చెప్పిన అమెరికా చట్టము మార్కులు పెరుగని పాఠశాలలపై చర్యలు విధించినది. అట్లాంటా నగరమున 2009 నాటి పరీక్ష పత్రములలో పిల్లలు వ్రాసిన తప్పు జవాబులను చెరిపి ఒప్పులు దిద్దినట్లు 2011లో రాష్ట్ర విచారణ సంఘమువారు తేల్చిరి. 44 పాఠశాలలలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు అందు చిక్కుకొనిరి. 2015 డిసెంబరులో ఆ చట్టము స్థానమున వేఱొక చట్టము వచ్చినది. అంకెను దండముగ పట్టుకొన్నచోట అంకెయే అబద్ధమాడును. మన బళ్లలోను ప్రార్థన సమయమున అందఱియెదుట తక్కువ మార్కుల పేర్లు చదువు అలవాటొకటి కలదు. మా చిన్ననాట మేమును అట్లు నిలిచి నేల చూచినవారమే. ఆ రోజున ఏ లెక్కయు మాకు క్రొత్తగ రాలేదు. కూటమున పిల్లల పేర్లు పలుకవలసినదే గాని ఆ మాటలు ఆ గది దాటరాదు; ఏ ఉపాధ్యాయుని తరగతిలో తప్పులెక్కువ యను లెక్క అసలే కట్టరాదు.

ఇక మా వంటి బళ్లకు ప్రాణముతో సమానమైన గడి యొకటి కలదు. విద్యార్థి వివరములలో మాతృభాష అను గడి, పాఠశాల వివరములలో మాధ్యమభాష అను గడి. తొందరలో ఒక తరగతి మొత్తమునకు మాతృభాష తమిళమని నింపినచో, కాగితముమీద ఆ తెలుగు పిల్లలు మాయమైరన్నమాట. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. నిజమే, కాని ఆ వసతి అడుగబోయినవానిని అధికారి మొట్టమొదట అడుగునది, మీ పిల్లలెందఱు అని. తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీగ నున్నదనియు, పాఠ్యపుస్తకములు ఆలస్యముగ వచ్చుచున్నవనియు ఏటేట మొఱలు పెట్టుకొనుచున్నాము. మొఱకు బలము అంకె. ఆ అంకె తప్పుగ నింపబడినచో, రేపు పిల్లలు చాలరని బడిని వేఱొక బడిలో కలిపివేయునాడు మనచేతి వ్రాతయే మనకు అడ్డుసాక్ష్యము చెప్పును.

కావున ఆ గడులను పంపకమునుపు తల్లులకు చూపవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులనియు, సభ్యులలో సగముమంది స్త్రీలనియు చెప్పుచున్నది. పాఠశాల అభివృద్ధి పథకమును తయారుచేయు బాధ్యతయు ఆ సంఘమునకే యిచ్చినది. సంతకము పెట్టించుకొని పంపివేయుటకు గాక, తన బిడ్డ పేరెదుట ఏ భాష వ్రాయబడినదో చూచుటకు ఒక్క తల్లి వచ్చినను మేలే. చదువురాని తల్లియైనచో చదివి వినిపింతము.

పైవారి ఉత్తరువు కొఱకు వేచియుండవలసిన పని ఇందేదియు లేదు. సమీపమందలి తెలుగు మాధ్యమపు బళ్లు మూడో నాలుగో కలిసి, త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక శనివారము మధ్యాహ్నము ఒకచోట కూడిన చాలును. ఒక్క తరగతి, ఒక్క విషయము, ఒక్క ప్రశ్న చూచినను సరే. పది ప్రశ్నలు చూతమనుకొన్న కూటము రెండవమారు కూడదు.

ఇది వ్రాయునాటికి మా అర్ధసంవత్సర పరీక్షల జవాబు పత్రములు పురికొసతో కట్టబడి కార్యాలయపు బీరువా అడుగు అరలో నున్నవి. మార్కులు రిజిస్టరులో ఎక్కినవి గనుక ఇక వానితో పనిలేదనియు, చోటు చాలకున్నదనియు, పాత కాగితములవాడు వచ్చినచో వేసివేయుదమనియు ఒక ఆలోచన కలదు. ఒక్క వారమాగుడని మేము కోరితిమి. తొమ్మిదవ తరగతి గణితపు కట్టను గణితోపాధ్యాయుడు వేఱుగ తీసి యుంచినాడు. తెలుగు పండితుడు వచ్చెదననెను. తమిళ పండితుడు, శనివారము తనకు ధర్మపురి బస్సు నాలుగున్నరకే గాన రెండుగంటలకే మొదలుపెట్టుడనెను.