తీగకు రెండు కొసలు

మన యిండ్ల పిల్లలు కొందరు ఫ్యాక్టరీలలో యంత్రాల పరికరాలను లినక్స్‌కు కలిపే పనిలో వున్నారు. వారికొక మాట.

1986లో బాష్ కంపెనీ వెల్లడించిన క్యాన్ పద్ధతిలో పరికరాలు రెండు తీగల మీదనే మాట్లాడుకుంటవి. ఒకసారి పరికరం పలుకక, మేము సాయంత్రమంతా ప్రోగ్రామునే తిట్టాము. లోపం తీగ కొసన వున్నది!

కనుక ముందు కరెంటు ఆపి, ఆ రెండు తీగల మధ్య మీటరు పెట్టండి. సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొసన రెసిస్టరు లేదన్నమాట. తరువాత అన్ని పరికరాలకూ వేగం ఒకటేనా చూసుకొని, క్యాన్‌డంప్‌తో వినండి. క్యాన్‌సెండ్‌తో పంపడం ఆఖరున. అవతల మోటారు దగ్గర ఎవరి చెయ్యి వున్నదో మన తెరమీద కనిపించదు. లేచి, వెళ్ళి, చూచి రావలసిందే.