చిట్టా ఉంటే చిక్కుండదు

గారెలు వేయాలంటే పప్పు రుబ్బాలి. రుబ్బాలంటే నానబెట్టాలి. డబ్బాలో పప్పు లేకపోతే కొట్టుకెళ్లాలి! సాఫ్ట్‌వేర్లదీ అదే తంతు. ఒకటి వేసుకోవాలంటే మరోటి కావాలి, దానికి ఇంకోటి...

ఈ వరసను తేల్చడానికి ప్రోగ్రామర్లు తరచూ వాడేది 'రికర్షన్'. అంటే, చేస్తున్న పని ఆపి, కావాల్సినదాని కోసం అదే సూత్రాన్ని మళ్లీ పిలవడం. ఆపిన పనులన్నీ 'కాల్ స్టాక్'లో గుర్తుండాలి. ఆ చోటు చిన్నది... లినక్స్‌లో మామూలుగా 8 మెగాబైట్లే. పైథాన్ అయితే దాదాపు 1000 మెట్ల లోతుకే 'ఇక చాలు' అనేస్తుంది. గొలుసు అంతకన్నా పొడవైతే ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోతుంది.

మందు తేలికే. మిగిలిన పనుల చిట్టాను ప్రోగ్రామే సొంతంగా రాసుకోవాలి. అట్ల దొంతరలా, ఆఖర్న పెట్టింది ముందు తీయాలి. కావాల్సినవన్నీ పూర్తయ్యాకే దేన్నయినా కొట్టేయాలి. ఈ చిట్టా ఉండేది విశాలమైన 'హీప్'లో కాబట్టి చోటుకు అంత ఇబ్బంది ఉండదు.

ఒక్క జాగ్రత్త! పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదన్నట్టు రెండు సాఫ్ట్‌వేర్లు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తుంటే చిట్టాకు అంతే ఉండదు. అందుకే మొదలైనవాటికో గుర్తు, పూర్తయినవాటికో గుర్తు పెట్టాలి. మొదలై పూర్తికానిది మళ్లీ ఎదురైందంటే... పీటముడి దొరికినట్టే!