పెరటి స్ట్రాబెర్రీ వైద్యానికి పనికిరాదు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత, ఇంట ఉన్నదాన్ని చిన్నచూపు చూసేవారిని ఎత్తిపొడవడానికి పుట్టింది. స్ట్రాబెర్రీ విషయంలో మాత్రం దాన్ని అక్షరాలా పాటించమని నా మనవి. మేడమీది కుండీలో నాలుగు మొక్కలు పెంచినవారు పండు తిని ఊరుకోవడం లేదు. ఆకు కషాయంతో మధుమేహం పోతుందనీ, పండు రుద్దితే పళ్లు తెల్లబడతాయనీ, ఇదంతా మన ప్రాచీన వైద్యగ్రంథాల్లో ఉన్నదేననీ ప్రచారం చేస్తున్నారు. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

కడపటిదాన్నే మొదట చూద్దాం. నేడు మనం తినే తోట స్ట్రాబెర్రీ చరక సుశ్రుతుల కాలానికి భూమిమీదనే లేదు. ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజనీరు 1714లో చిలీ నుంచి పెద్దకాయల జాతిని ఫ్రాన్సుకు తెచ్చాడు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా జాతితో అది సంకరమై, 18వ శతాబ్దంలో ఐరోపా తోటల్లో ఈ మొక్క పుట్టింది. ఆ పుట్టుకను 1766లో డ్యుషేన్ తన గ్రంథంలో వివరించాడు. హిమాలయ సానువుల్లో అడవి జాతులున్నమాట నిజమే. అవి వేరు, ఇది వేరు. మూడు వందల ఏళ్లయినా నిండని మొక్కకు ఋషిప్రోక్తమన్న బిరుదు తగిలించడం ఋషులకు గౌరవం కాదు.

ఇక కషాయం. ఐరోపా పల్లెవైద్యంలో అడవి స్ట్రాబెర్రీ ఆకుకు చోటున్నది. అందులోని టానిన్ల వగరును కొద్దిపాటి విరేచనాలకు వాడేవారు. మధుమేహపు మాత్రల స్థానంలో దాన్ని నిలబెట్టడానికి ఆధారం లేదు. చేదో వగరో అయితే చాలు, చక్కెరను హరిస్తుందనుకోవడం మన బలహీనత. దాన్ని నమ్మి మాత్రలు మానినవారికి కళ్లూ మూత్రపిండాలూ చప్పుడు లేకుండా చెడతాయి. అప్పుడు ఈ సలహా ఇచ్చినవారు బాధ్యత వహిస్తారా?

పళ్లకు రుద్దడం మరీ విడ్డూరం. పండులోని ఆమ్లం పంటిపై ఎనామిల్‌ను కరిగిస్తుంది. పోయిన ఎనామిల్ తిరిగి రాదు. సి విటమిను కోసమంటారా, నూరు గ్రాముల స్ట్రాబెర్రీలో సుమారు 59 మిల్లీగ్రాములుంటే, జామపండులో దానికి దాదాపు నాలుగింతలు. జామచెట్టుకు చేయని పూజ దీనికెందుకు?

మరి పెంచవద్దంటున్నానా? నిక్షేపంగా పెంచండి. అక్టోబరులో, మొక్క నడిమి మొగ్గ మట్టిలో కూరుకుపోకుండా నాటండి. కాయల కింద ఎండుగడ్డి పరచండి. ఎండ ముదిరేలోగా కోసుకోండి. లంబసింగి చలిలో పండే పంటను మైదానంలో వేసవి దాటించడం కష్టం. పైన గింజలనుకునేవే అసలు కాయలనీ, ఎర్రటి గుజ్జు ఉబ్బిన పుష్పాసనమనీ మనవలకు చూపించండి. ఒక మొక్కకు ఇంతకన్న సార్థకత ఏం కావాలి?

కాదనేవారు గ్రంథం పేరు, అధ్యాయం, శ్లోకసంఖ్య చూపండి. తాతగారు చెప్పేవారంటే చెల్లదు. ఆయన స్ట్రాబెర్రీ మొక్కను చూసి ఉండరు.