బాయి నీళ్లు సరే, బురద లెక్క ఏది?

నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి తెలంగాణ తెచ్చుకున్నాం. ఆ నీళ్లలో సింగరేణి బాయిల నుంచి తోడిపోసే నీళ్లు కూడా ఉన్నాయని ఎందరికి యాదికుంది?

గోదావరిఖని అయినా, మందమర్రి అయినా, బొగ్గు తీయాలంటే ముందు ఊటనీళ్లు తోడాలి. వానాకాలం ఓపెన్‌కాస్ట్ బొందలగడ్డలు చెరువులవుతాయి. తోడిన నీళ్ల వెంట బొగ్గుపొడి, మట్టి వస్తాయి. డంపర్లు కడిగిన నీళ్లలో నూనె ఉంటుంది. లీటరు నీటిలో తేలే మలినాలు 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటొద్దని 2000 సెప్టెంబర్‌లోనే కేంద్రం బొగ్గు గనులకు హద్దు పెట్టింది.

శుద్ధిలో మాయేమీ లేదు. నీటిని ట్యాంకులో నిలిపితే మట్టి, పొడి అడుక్కి దిగుతాయి. పటిక వేస్తే సన్నపొడి ముద్దకట్టి తొందరగా దిగుతుంది. పైకి తేలిన నూనెను వేరే తీస్తారు. ఆ తేటనీటినే చెరువులకు, సాగుకు ఇస్తున్నామని సింగరేణి చెప్పుకుంటుంది. మంచిదే. కానీ నీళ్లను విడిచిన మురికి ఎటు పోయింది? బురదై ట్యాంకు అడుగున కూర్చుంది.

ఆ బురదను ఎప్పటికప్పుడు తీయకపోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే వాగులో కలుస్తాయి. తీసి మట్టిగుట్టల వాలున పోస్తే తొలివానకే ఒర్రెల్లోకి, రైతు మడిలోకి దిగుతుంది. దాన్ని ఆరబెట్టాలి. బొగ్గుపాలు ఎక్కువుంటే బొగ్గులో కలుపుకోవాలి. మిగిలింది తవ్వి వదిలిన గుంతలో, చుట్టూ కాలువ తీసి పూడ్చాలి. నూనె బురద సంగతి వేరు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించాలి.

వలస పాలకుల మీద నెపం వేసే రోజులు 2014 జూన్ 2తోనే పోయాయి. సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్ర ప్రభుత్వానిదే. కాబట్టి జవాబూ ఇక్కడే దొరకాలి.

ప్రతి ట్యాంకు దగ్గర బోర్డు పెట్టాలి. బురద ఎప్పుడు తీశారు, ఎన్ని లారీలు, ఎక్కడ పోశారు అన్నది తెలుగులో రాయాలి. కాలుష్య నియంత్రణ మండలి నీటి పరీక్షల ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి పైసలు ముందు గని పక్క ఊళ్ల తాగునీటికి, కాలుష్య నివారణకు ఖర్చు కావాలి.

2011 సకల జనుల సమ్మెలో బాయి దిగకుండా సర్కారును కదిలించిన కార్మికులున్న గడ్డ ఇది. కార్మిక సంఘాలు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ట్యాంకు కాడికి పోయి ఈ లెక్క అడగాలి. అడగకపోతే బొగ్గు దేశానికి, బురద మన ఊరికి మిగులుతాయి.