డిసెంబరులో రెండు పాఠాలు చాలు

థాంక్స్‌గివింగ్ అయ్యీ అవగానే హోమ్‌స్కూల్ చేసే అమ్మల మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "డిసెంబరులో పాఠాలు చెప్తున్నారా, ఆపేస్తున్నారా?" నన్నడిగితే రెండూ వద్దంటాను. లెక్కలు, చదవడం, ఈ రెండే ఉంచి మిగతా పుస్తకాలన్నీ అల్మారాలో పెట్టేయండి. పొద్దున్నే గంటన్నర, అంతే. తక్కిన రోజంతా పండగకి వదిలేయండి. ఆ పండగని మాత్రం ఇంకో సిలబస్‌గా మార్చకండి. ఈ ఆఖరి మాట దగ్గరే చాలామంది నాతో ఒప్పుకోరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మేముండేది డాలస్ దగ్గర. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలు కిందే లెక్కగడతారు. 1994లో లీపర్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ సంగతి తేల్చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ చెప్పాలి. ఏడాదికి ఇన్ని రోజులు చెప్పాలన్న లెక్క లేదు. కాబట్టి ఇక్కడ డిసెంబరుని తేలిక చేసుకుంటే అడిగేవాళ్లు లేరు. అన్ని రాష్ట్రాలూ ఇలా ఉండవు. పెన్సిల్వేనియాలో ఏడాదికి 180 రోజులు, లేదా చిన్న తరగతులకి 900 గంటలు, పెద్ద తరగతులకి 990 గంటలు చూపించాలి. అలాంటి చోట ఉన్నవాళ్లు ఆగస్టులో ఓ రెండు వారాలు ముందుగా మొదలుపెట్టుకుంటే డిసెంబరులో ఊపిరాడుతుంది.

పూర్తిగా ఆపేయొచ్చు కదా అంటారా? థాంక్స్‌గివింగ్ నుంచి జనవరి ఒకటి దాకా ఐదు వారాల పైమాటే. అన్నాళ్లు పుస్తకం మూసేస్తే జనవరిలో భిన్నాలు మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. తెలుగైతే మరీనూ. గుణింతాలు వచ్చేశాయనుకున్న పిల్లలు నెల తిరిగేసరికి 'థ'కీ 'ధ'కీ తేడా మర్చిపోతారు. ఇంకో కారణం కూడా ఉంది. స్కూలుకి వెళ్లే పిల్లలకి సెలవంటే ఇంట్లో ఉండడం. మన పిల్లలు రోజూ ఇంట్లోనే ఉంటారు. పొద్దున కాసేపైనా కూర్చుని చేసే పని లేకపోతే రోజుకి మొదలూ చివరా ఉండదు. తొమ్మిదింటికే టాబ్లెట్ అడుగుతారు.

అలాగని మామూలుగా అన్ని పాఠాలూ నడపడమూ కుదరదు. డిసెంబరులో మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. నెల మొదట్లోనే సెమీ క్రిస్మస్, అందులో పిల్లల నాటిక. ఆ నాటికకి రిహార్సల్సు, దేవదూతల రెక్కలు, గొర్రెల కాపరుల తలగుడ్డలు. వారాంతాల్లో క్యారల్స్ వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు, మన ఇంటికొచ్చిన రాత్రి ముప్పై మందికి టీ, పలహారం. చర్చి పాట్‌లక్‌కి పెద్ద ట్రే నిండా బిర్యానీ. క్రిస్మస్ ఆరాధన, 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసు. వీటి మధ్యలో సైన్సు ప్రయోగాలు, చరిత్ర ప్రాజెక్టు కూడానా! టీచరూ తనే, వంటమనిషీ తనే, దర్జీ కూడా తనే. పైగా "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అని ఫోన్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఇంట్లో ఉండి చదువు చెప్పడమే ఒక ఉద్యోగమని, డిసెంబరులో దానికి ఇంకోటి తోడవుతుందని వాళ్లకి తట్టదు.

ఇక నా అసలు అభ్యంతరానికి వస్తాను. హోమ్‌స్కూల్ వాళ్లలో బాగా తిరిగే సలహా ఒకటుంది. "పాఠాలు ఆపకండి, క్రిస్మస్‌నే పాఠం చెయ్యండి" అని. నాలుగు ఆదివారాలకి నాలుగు కొవ్వొత్తుల అడ్వెంట్ దండ, రోజుకో బొమ్మ తగిలించే జెస్సీ చెట్టు, డిసెంబరు 6న సెయింట్ నికొలస్, 13న స్వీడన్ వాళ్ల సెయింట్ లూసియా, దేశదేశాల క్రిస్మస్‌ల మీద ఒక నోటుబుక్కు. ఒక్కోటీ విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిస్తే మాత్రం అర్ధరాత్రి ప్రింటర్ ముందు కూర్చుని కాగితాలు కత్తిరించేది అమ్మే. ఇక కేకు కలుపుతున్న పిల్లని ఆపి "ఇందులో ఎన్ని భిన్నాలున్నాయో చెప్పు" అంటే ఆ పిల్లకి కేకు సంబరమూ పోతుంది, భిన్నమూ ఒంటబట్టదు. మనం ప్రతిదాన్నీ పాఠంగా మారుస్తున్నామని పిల్లలు ఇట్టే కనిపెడతారు. కనిపెట్టాక "అమ్మా, నేను రాను" అంటారు.

పాఠం బదులు వాళ్లకి పని ఇవ్వండి. సరదాకి చేసే పని కాదు, వాళ్లు చెయ్యకపోతే ఆగిపోయే పని. మా అబ్బాయికి పన్నెండేళ్లు. గుంటూరులో ఉన్న నానమ్మకి క్రిస్మస్ ఫోను వాడి బాధ్యత. చలికాలంలో మనకీ ఇండియాకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ 25 పొద్దున ఎనిమిదికి ఆవిడ చర్చికి బయల్దేరేలోపు మాట్లాడాలంటే ఇక్కడ 24 రాత్రి ఎనిమిదిన్నరకల్లా చెయ్యాలి. ఆ లెక్క నేను అడగను. వాడే వేసుకుంటాడు, ఎందుకంటే తప్పు వేస్తే నానమ్మ దొరకదు. అమ్మాయికి తొమ్మిదేళ్లు. పంచిపెట్టే పళ్లాల జాబితా దానిది. దీపావళికి మనకి మిఠాయిలు పంపిన తెలుగువాళ్లెవరు, గుడ్డు తిననివాళ్లెవరు, ఎవరింటికి కేకు, ఎవరింటికి కజ్జికాయలు, అంతా రాసి పెడుతుంది. కజ్జికాయల అంచు నొక్కేదీ అదే. విడిపోయినవి రెండో మూడో నూనెలో తేలితే తర్వాతివి గట్టిగా నొక్కుతుంది. గులాబీ పువ్వుల అచ్చు వేడి నూనెలో ముందు కాచాలని, పిండిలో పైదాకా ముంచితే ఊడి రాదని పెద్దవాడు పొయ్యి దగ్గర నా పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఇవేవీ నేను మార్కుల పుస్తకంలో రాయను.

ఉంచమన్న రెండు పాఠాల్లో చదవడం ఉంది కదా, దాన్ని మాత్రం డిసెంబరులో తెలుగుకి ఇచ్చేయమంటాను. డిసెంబరు ఒకటి నుంచి 24 దాకా రోజుకో అధ్యాయం చొప్పున లూకా సువార్త చదివే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. లూకాలో ఉన్నవి సరిగ్గా 24 అధ్యాయాలు. అయితే మొదటి అధ్యాయమే 80 వచనాలు. తెలుగు కూడబలుక్కునే పిల్లలతో అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. అందుకని మేము మొదటి రెండు అధ్యాయాలే తీసుకుంటాం. రెండూ కలిపి 132 వచనాలు, రోజుకి ఐదారు. మన తెలుగు బైబిలు భాష గ్రాంథికం, ఇంట్లో మాట్లాడే తెలుగుకి దూరం. అయినా పండగకి తెలిసిన కథ కాబట్టి పిల్లలు భాషని పట్టుకోగలరు. పొత్తిగుడ్డలు, సత్రము, పశువుల తొట్టి లాంటి మాటలు ఇంకెక్కడ వింటారు వీళ్లు? మత్తయి రెండో అధ్యాయం జనవరికి ఉంచుకుంటాం. బోళము, సాంబ్రాణి అక్కడొస్తాయి. సాంబ్రాణి ఇండియన్ స్టోరులో దొరికేదేనని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోతారు. జ్ఞానులు ముగ్గురని అక్కడెక్కడా రాసి లేదన్న సంగతి వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు.

తెలుగులో చదవడం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇక్కడ పెరిగే మన పిల్లలకి క్రిస్మస్ అంటే అమెరికావాళ్ల పండగ, అమ్మానాన్నలు అందులో కలిశారు అనిపించే ప్రమాదం ఉంది. జాషువాగారు 'క్రీస్తు చరిత్ర' పద్యకావ్యం రాశారని, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని వాళ్లకి తెలియాలి. నానమ్మ పాడే కీర్తనలు తెలుగులో పుట్టినవేనని తెలియాలి. స్వీడన్ పండగ నోటుబుక్కులో రాసుకునే ముందు గుంటూరు పండగ తెలియాలి కదా.

"ఇలా నెలంతా తేలిక చేస్తే మన పిల్లలు వెనకబడరా?" అని అడుగుతారు. ఎవరికన్నా వెనక? చుట్టుపక్కల స్కూళ్లు కూడా డిసెంబరు చివర రెండు వారాలు మూసే ఉంటాయి, దానికి ముందు వారం సినిమాలు, పార్టీలు. రోజూ గంటన్నర లెక్కలూ చదువూ నడిచిన ఇంట్లో పిల్లలు జనవరిలో ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే మొదలుపెడతారు. సైన్సు పుస్తకంలో రెండు అధ్యాయాలు మే నెలలోకి జరిగితే మునిగిపోయేది లేదు.

ఇంకోమాట. తగ్గించాల్సింది పాఠాలొక్కటే కాదు. పాఠాలు తగ్గించి మిగిలిన సమయాన్ని మళ్లీ పిండివంటలతో, అతిథులతో నింపేస్తే అమ్మకి మిగిలిందేమీ లేదు. పాట్‌లక్ ట్రే బయట ఆర్డరిచ్చినా ప్రార్థన ప్రార్థనే. క్యారల్స్ రాత్రి టీ పెట్టడం మావారికి వచ్చు, మీవారికీ వచ్చే ఉంటుంది. నాటికకి తలగుడ్డలు కొత్తవి కుట్టనక్కర్లేదు, పాత తువ్వాళ్లు చాలు.

మనలో చాలామంది ఈ హోమ్‌స్కూల్ దారి ఎంచుకున్నది పిల్లల విశ్వాసం ఇంట్లో నిలబడాలని. ఆ విశ్వాసం గురించి పిల్లలకి నాటికలో డైలాగుల కంటే అమ్మ ముఖం ఎక్కువ చెబుతుంది. నెలంతా రుసరుసలాడుతూ అలసిపోయిన అమ్మ 25 పొద్దున "సమాధానం" గురించి చదివితే వాళ్లు ఏం నమ్ముతారు? కాబట్టి ఈ వారమే క్యాలెండరు ముందేసుకుని రెండు పాఠాలు, రెండు పిండివంటలు కొట్టేయండి. మిగిలిన పని ఎవరెవరిదో పిల్లల పేర్లు పక్కన రాసి ఫ్రిజ్ మీద అంటించండి. జనవరి మొదటి సోమవారం అల్మారా తెరుద్దాం.