కాల్చనిది వేరు, పచ్చిది వేరు

ఆంగ్ల వంటల పుస్తకాలలో ‘నో బేక్’ అన్న మాట తరచు కనబడుతుంది. దానిని తెలుగులో ‘పొయ్యి అక్కరలేని వంట’ అని చెప్పుకొంటున్నారు. నా అభ్యంతరమంతా ఆ అనువాదం మీదనే. బేక్ చేయడమంటే మూసిన పొయ్యిలో నలువైపుల వేడితో కాల్చడం. అది లేదన్నంత మాత్రాన అగ్నిస్పర్శే అక్కరలేదని అర్థం కాదు. పండితుల పిడివాదం అని కొట్టివేయకండి. ఈ భేదం నిఘంటువుకు కాదు, పిల్లల కడుపుకు సంబంధించినది.

కుకీ డో ట్రఫుల్స్ అని ఒక మిఠాయి ఉన్నది. కుకీ మన బిస్కట్టు వంటిదే. డో అనగా కాల్చకమునుపటి ముద్ద. వెన్న, చక్కెర, మైదా, చాక్లెట్ పలుకులు కలిపి, ఉండలు కట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీస్తారు. (ట్రఫుల్ నిజానికి నేలలో పెరిగే పుట్టగొడుగు జాతి. రూపసామ్యం వల్ల ఆ పేరు మిఠాయికి అంటుకొన్నది.) అమెరికా పిల్లలకు ఈ పచ్చిముద్ద మీద మోజు పాతదే. 1984లో వెర్మాంట్ రాష్ట్రపు బర్లింగ్టన్‌లో బెన్ అండ్ జెర్రీస్ వారు దానిని ఐస్‌క్రీమ్‌లో కలిపి అమ్మారు. అయితే ఆ సంస్థ నేడు వాడేది వేడితో శుద్ధిపరచిన పిండి. ఇంట్లో చేసుకొనేవారు ఈ ఒక్క సంగతినే విస్మరిస్తున్నారు.

గుడ్డు మానేస్తే చాలునని చాలామంది ధీమా. అది సగం మాటే. పొలం నుండి వచ్చిన గోధుమ మరలో పిండి అవుతుందే గాని ఎక్కడా ఉడకదు. 2009లో అమెరికాలో ప్యాకెట్లలో అమ్మిన కుకీ ముద్దను పచ్చిగా తిని పలువురు ఈ.కోలై క్రిమి వల్ల జబ్బుపడ్డారు. 2016లో అక్కడే మరల అటువంటి జబ్బు వ్యాపించినప్పుడు ఆ క్రిమి పిండిలోనే కనబడింది. మైదాను బాణలిలో కాస్త వేయించితే సరిపోదా అంటారేమో. పొడిపిండిలోని క్రిములు వేడికి మొండిగా నిలుస్తాయి. ఇంట్లో చేసే ఆ పనిని నమ్ముకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతున్నది.

మరి మనం నాగులచవితికి పచ్చి చలిమిడి తినడం లేదా? న్యాయమైన ప్రశ్నే. కాని ఆ బియ్యం కడిగి, నానబెట్టి, అప్పటికప్పుడు దంచి, ఆ పూటనే తినేది. నెలల తరబడి సంచిలో నిలువ ఉన్న మైదాకు ఆ పోలిక చెల్లదు. చెల్లే పోలిక సున్నుండ. మినుములను దోరగా వేయించిన తరువాతనే విసురుతాము. ఓవెన్ ఎరుగని మన పెద్దలకు ‘కాల్చనిది’, ‘పచ్చిది’ ఒకటి కావని బాగా తెలుసు.

కనుక మా ఇంట మైదాకు సెలవు. దాని స్థానంలో పుట్నాలపప్పు. అది వేడి ఇసుకలో వేగి వచ్చినదే. పొడి మిక్సీలో మెత్తగా పట్టి జల్లించిన పిండి 160 గ్రాములు, ఉప్పులేని వెన్న 100, బెల్లంపొడి 100, చిటికెడు ఉప్పు, కాచి చల్లార్చిన పాలు ఒకటి రెండు చెంచాలు, చాక్లెట్ పలుకులు గుప్పెడు. అమెరికావారు వాడే గోధుమరంగు చక్కెరకు ఆ రుచి మడ్డి వల్ల వస్తుంది. మన బెల్లంలో అది సహజంగానే ఉన్నది. ఉసిరికాయంత ఉండలు పాతిక దాకా వస్తాయి. మైదా కమ్మదనం వేరు, ఒప్పుకొంటాను. అయినా మా మనుమరాలు మొదటి ఉండ తిని, “తాతయ్యా, ఇది లడ్డూయే కదా!” అని తేల్చేసింది. రెండవది అడిగింది గనుక దానిని ప్రశంసగానే స్వీకరించాను.

పైపూతకు 200 గ్రాముల చాక్లెట్ చాలు. వేడినీటి గిన్నె మీద మరొక గిన్నె ఉంచి కరిగించాలి. నీటిచుక్క పడితే చాక్లెట్ గడ్డకట్టి ఇసుకలా అవుతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కోకో పండే మన ఏలూరు ప్రాంతంలోనే వేసవిలో అసలు చాక్లెట్ నిలువదు, చూడండి వింత! ఆ రోజులలో వేరే నూనెలతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ వాడవచ్చును గాని రుచిలో దానికీ దీనికీ పోలికే లేదు. నేనైతే సంక్రాంతి చలి దాకా ఆగుతాను.