అన్నంతో పాటు గౌరవమూ కావాలి

‘నష్టమని తెలిసీ సాగెందుకు మానరు?’ ఈ మాట మనల్ని అడగని అధికారి లేడు, పట్నం చుట్టమూ లేడు. నవ్వి ఊరుకుంటాం. కానీ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్నే ఇది.

మనిషి చేత పని చేయించేదేమిటని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా ఆలోచిస్తోంది. అమెరికా శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో 1943లో మనిషి అవసరాలను ఐదు రకాలుగా విడదీశాడు. ముందు కూడు, నీరు, నిద్ర. తర్వాత భద్రత. ఆపై నలుగురి ఆప్యాయత, గౌరవం, చివరగా తన శక్తిని నిండుగా వాడుకోవడం. వ్యవసాయ విస్తరణ పాఠాల్లో దీన్ని పిరమిడ్ బొమ్మగా చూపిస్తారు. ఆ బొమ్మ మాస్లో గీసింది కాదు. కింది మెట్టు పూర్తిగా నిండాకే పై మెట్టని ఆయన అననూ లేదు. ఈ క్రమం మారవచ్చని ఆ వ్యాసంలోనే రాశాడు.

పాలకులకు మాత్రం బొమ్మే నచ్చినట్టుంది. రైతంటే అడుగు మెట్టు మీది మనిషి, నాలుగు డబ్బులు వేస్తే చాలన్నట్టు పథకాలు నడుస్తున్నాయి. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు, అంటే నెలకు 500. వద్దనడం లేదు. అదైనా సొంత భూమి ఉన్నవారికే. కౌలు రైతుకు అదీ లేదు.

ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లకు మనం వెళ్లాం. బియ్యం నిండుకున్న ఇళ్లు తక్కువ. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అరిచిన ఇళ్లే ఎక్కువ. అక్కడ పోయింది పరువు. ఆ ఇంటికి ఒక్క విడత సాయం ఏం సరిపోతుంది?

తర్వాతి తరం శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ మూడింటిని ముఖ్యమన్నారు: నిర్ణయం తనదై ఉండడం, పని తనకు చేతనవునన్న నమ్మకం, తోటివారితో అనుబంధం. ఒకప్పుడు సేద్యంలో ఈ మూడూ అంతో ఇంతో ఉండేవి. ఇవాళ ఏ విత్తనం వేయాలో అరువిచ్చిన దుకాణదారు చెబుతాడు. ధర కమిషన్ ఏజెంటు చెబుతాడు. ఎంత నేర్పుగా పండించినా తేమ పేరుతో తూకంలో కోత పడుతుంది.

అయినా మానం. ఊళ్లో మనల్ని మనిషిగా నిలబెట్టింది ఆ పొలమే. ఎంతిచ్చినా పండిస్తారులే అన్న ధీమా పాలకులకు వచ్చిందీ దీనివల్లే. మన మమకారమే మనకు గిట్టుబాటు ధర రాకుండా చేస్తోంది.

అందుకే మనం అడిగేది దానం కాదు. స్వామినాథన్ కమిషన్ 2006లో చెప్పినట్టు సాగు ఖర్చుకు కనీసం 50 శాతం కలిపిన మద్దతు ధర, దానికి చట్టబద్ధత. కౌలుదారుకు గుర్తింపు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం రుణ అర్హత కార్డులిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం భూయజమాని సంతకం అడుగుతోంది. సంతకం పెట్టే యజమాని ఎందరు? ఆ షరతు తొలగాలి.

ఖరీఫ్‌లోపు ప్రతి ఊళ్లో కౌలుదారుల పేర్లు, వారు సాగుచేసే విస్తీర్ణం మనమే రాసి రెవెన్యూ కార్యాలయంలో ఇద్దాం. ఇతను రైతు అని ముందు ఊరే చెప్పాలి.